లోపలికి పట్టిన చొక్కా

మా బాబాయి దర్జీ. ఎవరి ఛాతీ అయినా రెండుసార్లు కొలిస్తే గాని కత్తెర పట్టడు. వీధిలో అందరూ ఆయన్ని ‘మళ్ళీ మాస్టారు’ అంటారు.

వైరస్ జ్వరం ఊపిరితిత్తుల దాకా పాకి, ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండి, చావు తప్పి ఇల్లు చేరాడు. జ్వరం పోయింది గాని గుండెదడ పట్టుకుంది. మిషను ముందు వంగి కూర్చోగానే ఛాతీ బిగుసుకుపోయేది. గుండె గబగబా కొట్టుకునేది. అరచేతులకి చెమట పట్టి బట్ట జారిపోయేది. ఇక ఈ జన్మకి మిషను తొక్కలేనేమోనని ఆయన బెంగ.

డాక్టరు పరీక్షలన్నీ చేయించాడు. “గుండె బాగానే ఉంది. ఇంత జబ్బు చేశాక కొందరికి ఇలా దడ వస్తుంది. భయం దానికి తోడైంది. నెమ్మదిగా తగ్గుతుంది. ఎక్కువైతే వెంటనే రండి” అన్నాడు.

బయటికొచ్చాక పిన్ని మళ్ళీ లోపలికెళ్ళి వచ్చింది. బాబాయికి అనుమానం రావడానికి అది చాలు.

“ఏమన్నాడు?”

“మాత్ర తిన్నాక వేసుకోవాలా, ముందా అని అడిగానండీ.”

“దానికి అంతసేపా?”

ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు గొంతు తగ్గించినా తన గురించేనని చెవులు రిక్కించేవాడు. బావమరిది చూడ్డానికొచ్చి, “కాస్త ఒళ్ళు చేశావు బావా” అన్నాడు.

“నీకూ చెప్పిందా, నా దగ్గర ఇలా అనమని?”

“ఒళ్ళు చేశావంటే తప్పు, చిక్కావంటే తప్పు. పోనీ, కనపడటం లేదు అననా?”

పిన్ని నవ్వింది. బాబాయి నవ్వలేదు.

ఒక మధ్యాహ్నం బాబాయి దుకాణం వెనక గదిలోకి వెళ్ళేసరికి పిన్ని ఒళ్ళో ఏదో పెట్టుకుని ఉంది. ఆయన్ని చూసి గభాలున గుడ్డల కింద తోసేసింది. లాగి చూస్తే తన చొక్కాయే. తిరగేశాడు. తను వేసిన పక్క కుట్టుకి లోపలగా మరో కుట్టు ఉంది. అది పిన్ని చేతిది. సగం విప్పి ఉంది.

“ఏమిటీ దొంగ పని?”

పిన్ని తల దించుకుంది. “ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు చొక్కా మీ ఒంటిమీద జోలెలా వేలాడింది. అద్దంలో చూసుకుని హడలిపోతారని మీ చొక్కాలన్నీ లోపలికి పట్టి బిగువు చేశాను. ఇప్పుడు ఒళ్ళొస్తోంది కదా, మీకు తెలియకుండా ఒక్కోటీ విప్పుతున్నా.”

అందరినీ అనుమానించిన బాబాయి, ఒంటి మీది చొక్కాని మాత్రం అనుమానించలేదు. ఊపిరి అందనీయని ఆ బిగువులో కొంత దానిదే.

అయినా టేపు అందుకుని తన ఛాతీ తనే కొలుచుకోబోయాడు. చేతులెత్తితే ఛాతీ పొంగుతుంది, దించితే టేపు జారుతుంది. ఏ దర్జీ అయినా తన కొలత తను తీసుకోలేడు.

టేపు పిన్నికిచ్చాడు. ఆమె చుట్టూ వేసి అంకె చెప్పింది. ఆయన తల వంచి టేపు మీద చూసుకున్నాడు. జబ్బుకి ముందున్న అంకెకి కాస్త తక్కువ.

“అంకె ఎక్కువ రావాలని టేపు కింద వేలు అడ్డం పెట్టావా?”

“పెట్టలేదు. మీ గుండె కొట్టుకుంటోంది, అది తగుల్తోంది.”

“గట్టిగానా?”

“గట్టిగానే. దాన్ని దాచి నేనేం చేసుకుంటాను?”

దడ ఉందని ఆమె ఒప్పుకోవడం ఆయనకి నచ్చింది. చొక్కా తీసుకుని మిగతా కుట్టు తనే విప్పి తొడుక్కున్నాడు. మిషను ముందు కూర్చుని కాసేపు తొక్కాడు. దడ వచ్చింది. ఆగాడు, మళ్ళీ తొక్కాడు.

లేచి చేతులు దించి నిలబడ్డాడు. “మళ్ళీ కొలువు.”

ఈసారి టేపు వంక చూడలేదు. ఆమె చెప్పిన అంకెకి తలూపాడు.