మజ్మూను నేర్పిన ఇతివృత్తం

ఇతివృత్తమంటే ఏమిటో నాకు మొదట తెలిసింది ఉర్దూ బడిలో. కరీంనగరంలో నా చదువంతా ఉర్దూలోనే సాగింది. అక్కడ వారం వారం మజ్మూను, అంటే వ్యాసం, వ్రాయించేవారు. అరబ్బీ నుండి వచ్చిన ఆ మాటకు 'లోపల ఇమిడి ఉన్నది' అని మూలార్థం. మా ఉస్తాద్ అర్థం చెప్పి ఊరుకొనే మనిషి కారు. కలం ముట్టకముందే ప్రతివాడూ లేచి, వ్రాయబోయే దానిని ఒక్క ఊపిరిలో చెప్పాలి. మధ్యలో ఊపిరి తీసుకుంటే కూర్చోవలసిందే.

ఎవరైనా వర్ణనతో మొదలుపెడితే, "జర ఆగు బిడ్డా! గీ పూలు, గీ వెన్నెల తర్వాత. అయిందేంది? గది చెప్పు," అనేవారు. నేటి విద్యార్థులు పుటలు నింపుతారు. ఈ ప్రశ్న వేస్తే తెల్లముఖం వేస్తారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలినాళ్లలో నేను జమ్మికుంటలో ఉపాధ్యాయుణ్ణి. మా బడిలో బోధన తెలుగులోకి మారింది. తెలుగులో మౌఖిక పరీక్ష నెగ్గితేనే నా కొలువు నిలుస్తుందన్నారు.

"అలిఫ్, బే దిద్దినోనివి, నీకు సమాసాలకు నోరు తిరుగుతదా? ఏదన్న దుకాణం జూస్కోరాదు!" అని తోటి పంతులు నవ్వాడు. మర్నాడే నేను తెలుగు నిఘంటువు కొన్నాను.

పరీక్షనాడు వృద్ధ పండితుడొకరు అడిగారు: "ఇతివృత్తమనగానేమి?"

"'ఇతి' అనగా ఇట్లు, 'వృత్తము' అనగా జరిగినది. ఇట్లు జరిగినదే ఇతివృత్తమండీ."

"కంఠస్థం చేసినట్లున్నారు. ఈ కథలో చూపండి," అని వాచకం తెరిచి ముందుంచారు.

కరువులో ఒక రైతు కథ అది. సగం మేఘాల వర్ణనే. ఆ మేఘాలతోనే మొదలుపెట్టబోయాను. ఉస్తాద్ గొంతు వినిపించినట్లయింది. నిండా ఊపిరి పీల్చి చెప్పాను: "ఇంటిల్లిపాదీ పస్తులున్నా రైతు విత్తనపు వడ్లు ముట్టలేదు, వాన కురిసిననాడు ఊరి పొలాలన్నింటికీ అతని గాదె విత్తనమిచ్చింది."

పండితుడు వాచకం మూసేశారు. "బాగున్నది. మీరు నిశ్చింతగా తెలుగులో పాఠాలు చెప్పుకోండి."

ఆ సాయంత్రమే బస్సెక్కి కరీంనగరంలో ఉస్తాద్ ఇంటికి చేరాను. గుమ్మంలోనే మొదలుపెట్టాను: పరీక్ష జరిగిన గది, బయట వేచి ఉన్నవారు, పండితుని కళ్లద్దాలు...

ఆయన చేయెత్తారు. "జర ఆగు. అయిందేంది?"

"పాసైన, ఉస్తాద్."

"షాబాష్! కూసో. గిప్పుడు చెప్పు నీ పూలు, నీ వెన్నెల."