అడ్డుతెర మీది వెలుగు

మా నాయన కళ్లు తెరిచి ఉన్న ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. మణుగూరు బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చీకట్లో పనిచేసిన మనిషి, ఫ్లాష్ మెరిస్తే చాలు కళ్లు మూసేస్తాడు. అందుకే చెల్లి తన పెళ్లికి ముందే నాతో మాట తీసుకుంది.

"అన్నా, మిగతాయి ఎట్ల వచ్చినా సరే. అప్పగింతలప్పుడు నాయన కండ్లు తెరిచున్న ఫొటో ఒక్కటి కావాలె."

ఊరందరి పెళ్లి ఫొటోలూ తీసేవాణ్ణి, ఇదో పనా అనుకున్నాను. శ్రావణమాసం, మా కంపెనీ క్వార్టర్ ముందు షామియానా. ఇలా ఎండ కాస్తుంది, అలా మబ్బు కమ్ముతుంది. పొద్దుటినుంచీ ఫ్లాష్ నేరుగా కొట్టినప్పుడల్లా నాయన కళ్లు మూతపడుతూనే ఉన్నాయి. పైకి తిప్పి కొడితే, ఎర్రటి షామియానా గుడ్డకు తగిలి దిగిన వెలుగు అందరి ముఖాలకూ కుంకుమ పూసింది. పైగా అంత ఎత్తుకు ఫుల్ పవర్ కావాలి. ఒకసారి మెరిసిందంటే మళ్లీ సిద్ధమయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

నా విసుగు చూసి నాయనే దగ్గరికొచ్చాడు.

"మొకం మీద గట్ల కొడ్తవేందిరా. బాయిల ఎదుటోనితో మాట్లాడేటప్పుడు టోపీ లైటు వాని కండ్లల్ల పడనియ్యం. తల జర పక్కకు తిప్పుతం. లైటు గోడ మీద పడ్తది, మనిషి మంచిగ కనపడ్తడు."

పక్కకు తిప్పడం నాకు తెలియని విద్యేం కాదు. కానీ షామియానా కింద గోడేది? వెతుకుతుంటే జీలకర్ర బెల్లం అయ్యాక మడిచిపెట్టిన అడ్డుతెర కనిపించింది. తెల్లటి గుడ్డ. మేనమామలిద్దరినీ పిలిచి పక్కన చాచి పట్టుకోమని, ఫ్లాష్‌ను దాని వైపు తిప్పాను.

"మల్లొక పెండ్లి చేస్తున్నవా అల్లుడా?" అంటూనే పట్టుకున్నారు.

తెర దగ్గరగా ఉంది కాబట్టి పావు పవరే సరిపోయింది, ఫ్లాష్ వెంటవెంటనే మెరిసింది. మబ్బు పట్టినప్పుడు కెమెరాలో వెలుగు పట్టే ఐఎస్‌ఓ పెంచాను, ఎండ రాగానే తగ్గించాను. చెల్లి చేతిని అత్తగారి చేతిలో పెడుతూ నాయన దాని ముఖంలోకి చూశాడు. రెప్ప వేయలేదు. నాకే కళ్లు మసకబారాయి, ఫోకస్ సంగతి కెమెరాకే వదిలేసి నొక్కాను.

మూడో రోజు ప్రింటు తెచ్చి నాయన చేతిలో పెట్టాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు.

"బిడ్డను నేను గిట్ల చూస్తనా?"

"అవ్ నాయనా. ఎప్పుడూ గట్లనే చూస్తవు."

"దానికి ఎరికేనా మరి?"

"ఎరికే కాబట్టే ఈ ఫొటో అడిగింది" అన్నాను.