పల్లేరాకుల వంతు

గద్వాలలో మేము నడిపిన మొక్కల పత్రిక ఏడాదికి నాలుగుసార్లు వచ్చేది. లింగాల నుంచి రాజోలి దాకా కంటికి కనిపించిన మొక్కలే అందులో వేసేవాళ్లం. సంపాదకవర్గం అంటే నేనూ, నా సైకిలూ. వర్ణనలు నేను రాసేవాణ్ణి. బొమ్మలు మాత్రం చీర అంచులకు నమూనాలు గీసే ఒక పెద్దాయన గీసేవాడు.

మొదటి ఏడాది మూడు సంచికలు వచ్చాక, పట్నంలో నాకు వృక్షశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు ఉత్తరం రాశారు. "వర్ణనలు బాగున్నాయి. బొమ్మలోని పల్లేరు మాత్రం భూమ్మీద మొలిచేది కాదు. ఆకుల జతలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉండాలి. నాలుగో సంచికలో దిద్దితే నాలుగూ కాలేజీ గ్రంథాలయంలో పెట్టిస్తాను. లేకపోతే లేదు." ఆయన మాటలు దుబారా చేసే మనిషి కాదు.

నా వర్ణనలో పెద్దది, చిన్నది అనే ఉంది. బొమ్మలో రెండూ కవలలు. అచ్చుకు పంపే ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన సంపాదకవర్గంలో ఎవరికీ రాలేదు.

ఉత్తరం పట్టుకుని పెద్దాయన ఇంటికి పోయాను.

"చిన్నగున్న ఆకును నేనే సరిజేసిన," అన్నాడు, మేలు చేసినవాడిలాగే. "అంచుల ఒకదిక్కు పెద్దగ, ఒకదిక్కు చిన్నగ గీస్తే నేసెటోడు నా మొకాన కొడ్తడు."

"ఇది చీర కాదు పెద్దాయనా."

"గీసింది నేనే గద సారు."

మర్నాడు పొద్దున్నే ఆయన్ని ఊరి బయట బావిగట్టుకు తీసుకుపోయాను. పల్లేరును వెతకాల్సిన పని లేకపోయింది. ఆయన అరికాలే కనిపెట్టింది. ముల్లు తీసుకుని అక్కడే కూర్చున్నాడు. తీగను ఒళ్లోకి లాక్కుని, పోగులు లెక్కపెట్టినట్టు ఒక్కో కణుపూ చూడసాగాడు. ఎండ ఎక్కింది.

"సారు, గిది తప్పు కాదు, వంతు," అన్నాడు చివరికి. "ఈ కణుపుకు పెద్దాకు కుడిదిక్కున్నది. పై కణుపుకు ఎడమదిక్కు. మళ్ల కుడి. మీరేంది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అని రాసి ఊకున్నరు?"

కాలేజీలో చదివినవాణ్ణి కనుక వెంటనే ఒప్పుకోలేదు. ఇంకో మూడు తీగలు చూశాక ఒప్పుకున్నాను.

నాలుగో సంచిక మొదటి పేజీలో కొత్త బొమ్మ వేశాం. కింద సవరణ రాశాను: "బొమ్మలోని తప్పు చిత్రకారుడిది. వర్ణనలోని లోపం సంపాదకుడిది. రెండూ దిద్దినది చిత్రకారుడు." నేను రాసినవాటిలో ఇప్పటికీ నాకు నచ్చేవి ఆ మూడు వాక్యాలే.

ప్రొఫెసరు జవాబు ఇంకా పొట్టిది. "నాలుగూ గ్రంథాలయంలో చేరాయి. వంతు సంగతి తరగతిలో చెప్పాను."

చదివి వినిపించాను. పెద్దాయన ఉత్తరం తీసుకుని నమూనా కాగితాల మధ్య పెట్టుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత ఆయన గీసిన ఒక అంచులో పెద్దాకు కుడికొకసారి, ఎడమకొకసారి వచ్చింది. నేసేవాడు ఏమన్నాడని అడిగాను.

"ఏమంటడు సారు. నేసిండు."