ముదిగుబ్బ బస్సులో చదివిన కార్డు

మూడేళ్లలో ఆ కాలేజీకి పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఈ పత్రికలో రాస్తున్నాను.

మూడేళ్ల కిందట, కరువు సంవత్సరం, ముదిగుబ్బ బస్సులో నా పక్కన కూర్చున్న రైతు, పసుపు బొట్లు పెట్టిన ఇంగ్లీషు కార్డు నా చేతికిచ్చాడు. పొరుగూరికి చెనిక్కాయలు, అదే వేరుశనగ, ఒలిచే పనికి పోయిన కూతురిని పిలుచుకురావడానికి వెళ్తున్నాడు.

"మా ఇంట్లో కాలేజీకి పోయేది పాపే మొదులు. సీటొచ్చిందని దేవునికాడ పెట్టినా. గట్టిగా సదువన్నా, అందరూ ఇనల్ల."

అది ఇంటర్వ్యూకు రమ్మన్న కార్డు. ఆ తేదీ దాటి నాలుగు రోజులైంది. మెల్లగా చెప్పాను.

అయినా కార్డును జాగ్రత్తగా తువ్వాలులో చుట్టుకున్నాడు. "పాపకు ఎట్ల చెప్పల్లన్నా?" అన్నాడు.

"రేపే పిల్చుకపోయి కాలేజీలో అడుగప్పా," అన్నాను.

ప్రిన్సిపాల్ గారూ, కార్డు మీది పేరు ప్రతి ఉత్తరంలోనూ రాశాను. ఆ పిల్ల వచ్చిందా? చేర్చుకున్నారా? అవునో కాదో చెప్పండి.