ఎనిమిది మంది, ఒకే పొయ్యి

తొమ్మిదేళ్లుగా నేను ఒక అంకెను మోస్తున్నాను. ఎనిమిది. ఒక ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడిగితే ఎవరైనా తడుముకోకుండా చెప్పేంత చిన్న అంకె. దాన్ని నేనే రాశాను. అది తప్పని రాస్తున్నప్పుడే నాకు తెలుసు. పొరపాటున రాశానని ఇన్నాళ్లూ నాకు నేను నచ్చజెప్పుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు. 

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే ఓదారుస్తారు, లేదా అసహ్యించుకుంటారు. రెండూ నాకు అక్కర్లేదు. వినండి, చాలు.

మాది ఉద్దానంలో, పూండి స్టేషనుకు దగ్గరలో, జీడితోటల మధ్య ఒక ఊరు. మా ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి మనిషిని నేనే. టెక్కలిలో డిగ్రీ చదివాను, గణాంకశాస్త్రం. ఇప్పుడు ఒక కార్యాలయంలో పిల్లల జీవన స్థితిగతుల మీద పట్టికలు తయారుచేయడం నా ఉద్యోగం. తల్లిదండ్రులిద్దరి దగ్గరా పెరుగుతున్న పిల్లలెందరు, ఒక్కరి దగ్గరే ఉన్నవాళ్లెందరు, ఎవరూ లేనివాళ్లెందరు, వాళ్లు పడుకునే చోట పైకప్పు దేనిది, తాగే నీళ్లు ఎక్కడివి. ఇవన్నీ గడుల్లో అమర్చి పైకి పంపుతాను. నా పట్టికల్లో తప్పులుండవని పేరు. ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకుంటాను. వినయం అనుకుంటారు.

మా నాన్న కిడ్నీ జబ్బుతో పోయాడు. మా వైపు ఇంటింటా ఉన్న జబ్బే; ఆ మాట చెబితే ఇంకేమీ అడగరు. అప్పటికి నాకు ఏడేళ్లు, అక్కకు పదకొండు. నాన్న పోయి నెల తిరగకముందే పెదనాన్న మా పొయ్యి వేరు చేశాడు. ఉమ్మడి పెంకుటింట్లోంచి అమ్మ, అక్క, నేను పెరట్లో జీడిపిక్కలు నిల్వ చేసే పాకలోకి మారాం. మూడు ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టుకున్నాం. వాన పడితే ఆ పొయ్యి వెలిగేది కాదు.

ఆ ఏడాదే తండ్రి లేని పిల్లల వివరాలు రాసుకోవడానికి ఒక మాస్టారు మా ఊరు వచ్చాడు. పెదనాన్న ఆయన్ను అరుగు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చాడు. మాస్టారు పెరటి వైపు చూసి, అక్కడ ఉన్నవాళ్లది వేరే కాపురమా అని అడిగాడు.

"ఏరే పొయ్యేటి మాస్టారూ, ఏటా మాట?" అన్నాడు పెదనాన్న. "నా తమ్ముడి పిల్లలు నా పిల్లలు కారేటి? అందరిదీ ఒకే పొయ్యి. రాసుకోండి."

అమ్మ పాక గుమ్మంలో నిలబడి ఉంది.  నేను ఆ మూడు ఇటుకల పక్కనే కూర్చుని ఉన్నాను. మాస్టారు ఇటు ఒక్కసారి చూశాడు. చూసి, పెదనాన్న చెప్పిందే రాసుకున్నాడు.

చనిపోయిన తమ్ముడి పెళ్లాం పిల్లల్ని పాకలో పెట్టాడన్న సంగతి కాగితం మీదికి ఎక్కకూడదు. ఆయనకు కావలసింది అంతే. ఆ పరువు కోసం మేము కాగితం మీద పెంకుటింటి పిల్లలమైపోయాం. ఆ వివరాలనుబట్టి, సరైన ఇల్లు లేని పిల్లలకు హాస్టలు సీట్లిచ్చేందుకు తీసిన జాబితాలో మా ఇద్దరి పేర్లూ లేవు. అక్క ఆరో తరగతితో బడి మానేసి, పలాసలో అమ్మ పిక్కలు కొట్టే జీడి బట్టీకి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. "ఇద్దరిలో ఒకత్తైనా సదవాల" అంది. పదకొండేళ్ల పిల్ల ఆ మాట అంది. జీడిరసానికి దాని వేళ్లు నల్లబడి, తోలు ఊడి, మళ్లీ నల్లబడుతుంటే, ఆ వేళ్లు చూస్తూ నేను ఎక్కాలు చదువుకున్నాను.

కోపం దానంతటదే బతకదు. దాన్ని పోషించాలి. నేను పోషించాను. కాలేజీలో ఒక్కో పాఠం చదువుతున్నప్పుడు, ఒక ఇంటిని తప్పుగా రాస్తే ఆ ఇంటికి ఏమవుతుందో నాకు ఏ లెక్చరరూ చెప్పనక్కర లేకపోయింది.

డిగ్రీ అయిన ఏడాది, పిల్లల కుటుంబ పరిస్థితుల మీద సర్వే చేయడానికి ఇంటింటికీ తిరిగేవాళ్లు కావాలంటే చేరాను. సొంత ఊరివాళ్లకైతే ఇళ్లు తెలుసునని మా ఊరే అప్పగించారు. శిక్షణలో ఒక నియమం చెప్పారు. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లంతా ఒక కుటుంబం. పొయ్యి వేరైతే, గోడ ఒకటే అయినా, కుటుంబం వేరు. నోటిమాట మీద రాయకండి, లోపలికి వెళ్లి పొయ్యి చూసి రాయండి అని రెండుసార్లు చెప్పారు. నా చెవులు వేడెక్కాయి. మా మూడు ఇటుకలకు ఒక నియమం ఉందన్నమాట. ఆ మాస్టారు నాలుగు అడుగులు వేసి ఉంటే సరిపోయేదన్నమాట.

నేను ఆ నాలుగు అడుగులూ వేశాను. నా తప్పు అక్కడే ఉంది.

అప్పటికి పెంకుటిల్లు డాబా అయింది. పెత్తనం పెదనాన్న కొడుకు చేతిలోకి పోయింది. పెదనాన్నకు కూడా అదే జబ్బు పట్టి, వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఆయన కూతురు సావిత్రక్క, భర్త పోయాక, ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చింది. పెద్దది హైమ, పన్నెండేళ్లు. చిన్నది పుష్ప. పెదనాన్న కొడుకు వాళ్లను పెరట్లో పాకలో ఉంచాడు. మేము ఉన్న పాకే. తుఫానుకు కప్పు ఎగిరిపోతే దానిమీద నీలం టార్పాలిన్ కట్టారు.

ట్యాబ్ తెరిచి గుమ్మంలో నిలబడ్డాను. పొయ్యి ఒకటా, రెండా అని పెదనాన్న కొడుకును అడిగాను.

"ఏరే పొయ్యేటే? నా సెల్లి నాకు కానిదేటి? ఒకే పొయ్యి. రాసుకో" అన్నాడు.

అవే మాటలు. ఆ విసురు కూడా అదే. తండ్రి గొంతు కొడుకులోంచి వినిపిస్తుంటే నేను నవ్వానని గుర్తు. తర్వాత నియమం ప్రకారం పెరట్లోకి వెళ్లాను. మూడు ఇటుకలు ఉన్నాయి. వంగి అరచెయ్యి పెట్టి చూశాను. బూడిద వెచ్చగా ఉంది. పక్కన వార్చిన అన్నం గిన్నె, దానిమీద మూత. హైమ గోనెసంచి మీద కూర్చుని పుస్తకానికి అట్ట వేసుకుంటోంది. సావిత్రక్క నన్ను చూసి చేతులు తుడుచుకుంది. "కూకోయే. ఎండన పడి వొచ్చినావు. ఇంత తరవాణి తాగుదువు గానీ" అంటూ పులిసిన గంజి కుండ దగ్గరికి వెళ్లింది.

మేము ఆ పాకలో ఉన్న రోజుల్లో, వాళ్ల నాన్న చూడకుండా, గోడ మీదుగా గిన్నెలో తరవాణి అందించింది ఈ సావిత్రక్కే. నాకు గుర్తు రాలేదా? వచ్చింది. స్పష్టంగా వచ్చింది. అది గుర్తుండే చేశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది.

తరవాణి తాగాను. ఏమీ రాయకుండానే బయటికి వచ్చాను. వీధి చివర జీడితోట దగ్గర వెనకనుంచి పిలుపు వినిపించింది. పెదనాన్న. సూదులు గుచ్చి ఉబ్బిన చేతికి తువ్వాలు చుట్టుకుని, ఆయాసపడుతూ వచ్చాడు.

"బుల్లీ, ఆగు. ఆడు సెప్పింది రాయకే."

"ఎందుకు రాయకూడదండీ?" అన్నాను. మా ఊళ్లో పెదనాన్నను ఎవరూ అండీ అనరు.

"నీ కళ్లతో సూసినావు కదేటి? పొయ్యిలు ఏరే. ఆ గుంటలిద్దరూ పెద్దింట్లో గలాసుడు నీళ్లు తాగి ఎరగరు. హాస్టల్లో పడితే కడుపు నిండా తింతారు, సదువుకుంతారు. ఏరుగా రాయి తల్లీ."

"ఇంటి యజమాని ఒకే పొయ్యి అని చెప్పారు."

"ఆడి మొకం. పరువంట ఆడికి, పరువు!"

"ఆ పరువు ఎవరి దగ్గర నేర్చుకున్నారో మీకు తెలియదా?"

ఆయన చెట్టుకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఊపిరి సరిపోయాక అన్నాడు. "నా కాడే నేర్సినాడు. కాదన్ననేటి? నా మీద కచ్చుంటే నా మీద తీర్సుకో. నానెన్నాల్లుంతాను? ఆ గుంటలేటి సేసినారే నీకు?"

"ఏడేళ్లప్పుడు నేను మీకేం చేశానండీ?"

 జవాబు లేని ఆయన ముఖం చూడటానికి నేను పద్నాలుగేళ్లు ఎదురుచూశాను. ఆ ముఖం చూస్తూనే ట్యాబ్ మీద వేలు పెట్టాను. డాబాలో ఐదుగురు, పాకలో ముగ్గురు అని రెండు కుటుంబాలుగా ఎక్కించవలసిన చోట, కుటుంబ సభ్యులు: ఎనిమిది అని కొట్టాను. గృహం: పక్కా. పైకప్పు: స్లాబు. తెరను ఆయన వైపు తిప్పి పట్టుకున్నాను. పెదనాన్నకు అక్షరాలు రావు. అంకెలు వస్తాయి.

 తువ్వాలు జారిపోతే ఆయన సర్దుకోకుండానే వెనక్కి నడిచాడు.

నాకు ఆ క్షణంలో కలిగింది ఆనందం. దానికి మరో పేరు పెట్టను. అన్యాయాన్ని ఎదిరించానని, పరువు పిచ్చికి బుద్ధి చెప్పానని తర్వాత ఎన్నో పేర్లు వెతికాను. ఏదీ అతకలేదు. వివరాలు దిద్దుకోవడానికి వారం గడువు ఉండేది. ఆ వారం రోజులూ ఆ నమోదును తెరిచాను. దిద్దాలని ఒక్కరోజూ తెరవలేదు. చూసుకోవడానికే తెరిచాను. గడువు ముగిసిన సాయంత్రం అది మూసుకుపోయింది. ఎంత నిశ్చింతగా అన్నం తిన్నానో నాకిప్పటికీ గుర్తుంది.

జాబితా వచ్చింది. తండ్రి లేక, సరైన ఇల్లు లేక ఉన్న పిల్లలకు హాస్టలు సీట్లు ఇచ్చారు. మా వీధిలోనే నలుగురు వెళ్లారు. హైమ, పుష్ప వెళ్లలేదు. వాళ్లు స్లాబు ఇంట్లో, తాత సంరక్షణలో పెరుగుతున్న పిల్లలు. ఆ మాట రాసింది నేను.

ఇక్కడ మీరు ఒకటి అడగవచ్చు. ఇంటి యజమాని చెప్పింది రాశావు, నీ తప్పేముంది? ఈ ప్రశ్న నేనూ వేసుకున్నాను. చాలాసార్లు దీని వెనకే దాక్కున్నాను. కానీ ఆ మాస్టారు చూసీ చూడనట్టు రాశాడు; బద్ధకమో, బొండం తాగిన మొహమాటమో. నేను బూడిద మీద చెయ్యి పెట్టి, వేడి తెలుసుకుని, ఆ తర్వాత రాశాను. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ చెడ్డవాళ్లు? చెప్పనవసరం లేదు.

పెదనాన్న మరో రెండేళ్లు బతికాడు. జీడితోట దగ్గర జరిగింది ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెబితే తన పాత పని కూడా చెప్పవలసి వస్తుందనా? లేక నన్ను కాపాడాలనుకున్నాడా? రెండోదే నిజమైతే, అది ఆయన నా మీద తీర్చుకున్న పగ అనుకుంటాను. ఆయన పెద్దకర్మ నాడు సావిత్రక్క నా విస్తట్లో రెండోసారి అన్నం వడ్డిస్తూ, "నువ్వు సరిగానే రాసుంతావులే. పైనోల్లే కొట్టేసుంతారు" అంది. నేను తల ఊపాను. అవును, తల ఊపాను. ఆ అన్నం తిన్నాను.

హైమ తొమ్మిదో తరగతి మధ్యలో చదువు మానేసింది. మా అక్క ఇప్పటికీ పలాస బట్టీలోనే పిక్కలు కొడుతుంది. ఒకరోజు ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ చెప్పింది. "హైమ మా బట్టీలోనే సేరిందే. రసం అంటకుండా బూడిద రాసుకోమంతే రాసుకోదు. ఆ గుంట సేతులు సూడలేకపోతన్నాను. అచ్చం నా సేతుల్లాగే అయిపోనాయి."

అక్క కోసమే పగ తీర్చుకున్నానని అంతవరకూ అనుకున్నాను. అక్క నన్ను అడగలేదు. అక్కకు ఆ పాత మాస్టారు మొహం కూడా గుర్తులేదట.

పెదనాన్నను క్షమించానని మీరు అనుకోవద్దు. క్షమించలేదు. ఆయన ఫోటోకు దండ వేసి ఉంటుంది. ఆ గదిలోకి నేను వెళ్లను. ఆయన ఒక్కడికే తగిలేలా రాయగల గడి ఏదైనా ఉండి ఉంటే ఇవాళైనా రాసేదాన్నే. అలాంటి గడి లేదు. మా పట్టికల్లో ముసలివాళ్ల పరువుకు గడి లేదు. పిల్లలకు ఉంది. నా కోపం వెళ్లి ఆ గడిలో పడింది.

సావిత్రక్కకు ఇది చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. హైమకు పోయిన ఏళ్లు ఏ దిద్దుబాటుతోనూ తిరిగి రావు. పాత సర్వే లెక్కల్లో ఆ ఎనిమిది ఇప్పటికీ అలాగే ఉంది. కిందటి నెల వేరే పని మీద ఆ ఫైలు తెరిచినప్పుడు చూశాను. చుట్టూ ఉన్న అంకెల్లో కలిసిపోయి, నిజం లాగే కనిపించింది.

అక్కడ దిద్దే అధికారం నాకు లేదు. ఇక్కడ ఉంది. ఆ రోజు రాయవలసింది ఇప్పుడు రాస్తున్నాను.

పొయ్యిలు రెండు. డాబాలో వండుకునేవారు ఐదుగురు. పెరట్లో మూడు ఇటుకల మీద వండుకునేవారు ముగ్గురు. వారిలో పిల్లలు ఇద్దరు, తండ్రి లేడు. పైకప్పు టార్పాలిన్. బూడిద వెచ్చగా ఉంది. నేను చూశాను.