సారుకు తొడిగిన కోటు

2023 వానాకాలం. కామారెడ్డి బస్టాండు దగ్గర నాది ఫ్లెక్సీల దుకాణం. పుట్టినరోజైనా, పోయిన రోజైనా ఊళ్లో వాళ్ల ముఖాలు నా కంప్యూటర్ దాటుకునే వెళ్లాలి. ఇరవై ఏళ్లుగా ఇదే పని. నా అంత పనిమంతుడు లేడని కాస్త పొగరు కూడా ఉండేది.

ఒక ఉదయం ఎల్లారెడ్డి నుంచి ఒకామె వచ్చింది. తండ్రి దశదినకర్మకు ఫ్లెక్సీ కావాలంది. ఫోటో చూస్తే మా ప్రొఫెసర్ గారు. ఇక్కడి డిగ్రీ కాలేజీలో మాకు బాటనీ చెప్పారు. రోజూ ఎల్లారెడ్డి బస్సులో వచ్చి, పాఠం చెప్పి, మళ్లీ ఆ బస్సులోనే వెళ్లిపోయేవారు. ఒక్క మాట ఎక్కువ మాట్లాడేవారు కాదు.

"మంచిగున్నది గీ ఒక్క ఫోటోనే అన్నా. ఉన్నది ఉన్నట్టు పెద్దగ చేయుండ్రి, చాలు."

"నేను సారు శిష్యుణ్ణే చెల్లే. నేను చూసుకుంట," అన్నాను.

మా పనిలో ఒక అలవాటుంది. కోటు, టై వేసుకున్న తలలేని ఒళ్లు ఒక ఫోల్డర్ నిండా ఉంటాయి. పోయినవాళ్ల తల కత్తిరించి వాటికి అతికిస్తాం. చాలామంది ఇళ్లలో సంబరపడతారు. సారు ఫోటోలో నలిగిన అంగీ, జేబు పక్కన పసుపు మరక. ప్రొఫెసర్ అన్నాక ఇదేం వాలకమని నల్లకోటు తొడిగాను. ముఖం మీద ముడతలు తీసేశాను. దీన్ని రిటచింగ్ అంటాం. అచ్చు వేసే ముందు ప్రూఫ్, అంటే నమూనా, ఇంటివాళ్లకు చూపించాలి. మన సారే కదా అని అదీ చూపించలేదు.

కర్మ రోజు పొద్దున నేనే తీసుకెళ్లి వాకిట్లో కట్టాను. సారు బిడ్డ దాన్ని చూసి లోపలికి వెళ్లింది. తల్లిని చక్రాల కుర్చీలో బయటికి తెచ్చింది. పక్షవాతంతో పాతికేళ్లుగా మంచాన ఉన్న మనిషట. నాకు ఆ సంగతే తెలియదు.

"గీయన ఎవరే?" అంది ఆమె.

"బాపే అమ్మా."

"మీ బాపు గిట్లెందుకుంటడు? పొద్దుగాల వంట చేసి, నాకు తినిపిచ్చి ఉరుకుతుండె. అంగి మార్చుకునే టైమేడుంటుండె ఆయనకు? గీన్ని తియ్యుండ్రి."

తల కొట్టేసినట్టయింది. కాలేజీలో ఆయనకు 'పసుపు సారు' అని పేరు పెట్టింది నేనే. నాకు బొమ్మలు వస్తాయని మిడిసిపాటు. ఒకరోజు బోర్డు మీద ఆయన బొమ్మ గీసి చేతిలో గరిటె పెట్టాను. క్లాసంతా నవ్వింది. ఆయన చూశారు, తుడిచారు, పాఠం మొదలుపెట్టారు. ఇన్నేళ్ల తర్వాత అదే మరకను చూసి నేను మళ్లీ నామోషీ పడ్డాను.

ఫ్లెక్సీ విప్పేశాను. ఆ చిన్న ఫోటోనే కుర్చీ మీద పెట్టి దండ వేశారు. ఇప్పుడు ఎవరి ఫోటో వచ్చినా ఇంటివాళ్లను అడగకుండా వెంట్రుక కూడా సరిచేయను. నేర్చుకున్నాను, కానీ సారు దగ్గర కాదు, ఆయన పోయాక.

బయల్దేరుతుంటే ఆ బిడ్డ గేటు దాకా వచ్చింది.

"అన్నా, బాపు ఇంట్ల కాలేజీ ముచ్చట ఎన్నడు చెప్పలే. క్లాసుల ఎట్ల చెప్తుండె?"

"మస్తు మంచిగ చెప్తుండె," అన్నాను.

ఇంకొక్క మాట కోసం ఆమె ఆగింది. మూడేళ్లు ఆయన ముందు కూర్చున్నాను. ఒక్క పాఠమూ వినలేదు.