అడుగంటిన పాతర

పుట్టమ్మది పెనుకొండకు రెండు క్రోసుల దూరంలోని పల్లె. మొగుడు నరసింహులు విషజ్వరంతో పోయాక, అత్త రుక్మిణమ్మను తన దగ్గరే ఉంచుకుని, ఆమె పెద్దకొడుకైన బావ హనుమప్పతో కలిసి ఉమ్మడి మెట్టచేను చేసేది. విత్తనానికని దాచిన రాగులు రెండిళ్లవీ ఒకే పాతరలో ఉండేవి. బండ కప్పి మట్టి మెత్తిన ఆ ధాన్యపు గొయ్యి బావ వాకిట్లో ఉంది.

యాభై రెండులో కరువు ముదిరింది. పుట్టమ్మ రోజూ పెనుకొండ గంజి కేంద్రానికి నడిచిపోయి, తన వంతు ముంతలో తెచ్చి అత్తకు తాగించేది. తాను ఉడకబెట్టిన చింతగింజలు నమిలేది. ఎండలు ముదిరేసరికి ముసలామెకు గంజి ఇమడలేదు. పిడికెడు రాగిసంగటి తినాలనుందని అడిగింది. పుట్టమ్మ పోయి, పాతర తెరిచి ఒక్క సేరు తీద్దామని బావను బతిమాలింది.

"విత్తనం తినేస్తే రేపు వాన పడినాక ఏం చల్లుతావు పుట్టమ్మా? ఓర్చుకోవల్ల," అన్నాడు హనుమప్ప.

కన్నకొడుకే గుండె రాయి చేసుకున్నాడు, తనెంత అనుకుంది. వానలు పడనీ అత్తా, కడుపునిండా పెడతానని సర్దిచెప్పింది. ఎనిమిదో రోజున రుక్మిణమ్మ పోయింది.

ఆషాఢంలో వాన పడింది. విత్తనానికి పోతే హనుమప్ప రేపు రమ్మన్నాడు. మర్నాడు ఇంకేదో సాకు చెప్పాడు. మూడోనాడు పుట్టమ్మే మట్టి గీకి బండ పక్కకు తోసింది. అడుగున బూజు పట్టిన పొట్టు తప్ప గింజ లేదు.

తోడికోడలు పార్వతమ్మ తల వంచుకుని, "ఉగాది నుంచి తీసుకుంటానే ఉండాము," అంది.

అంటే అత్త సంగటి అడిగిన నాటికే ఆ ఇంట్లో సంగటి ఉడుకుతోంది. పిల్లోల్లు ఏడుస్తాంటే చూడలేకపోయానని హనుమప్ప గొణిగాడు.

"తిన్నందుకు కాదు బావా," అంది పుట్టమ్మ. "నీ తల్లికి లేదని నా నోటితో చెప్పిస్తివి."

ఆ ఏడు పక్క చేను కాలేసాబ్ భార్య లాల్‌బీ కొంగులో పోసిన విత్తనంతో సగం చేను చల్లుకుంది. పంట ఇంటికి చేరాక పెద్దమనుషులను పిలిచి, నడుమ గెనిమ గట్టు వేయించి భూమి పంచుకుంది.

అరవై ఆరు కరువులో మేత లేక హనుమప్ప ఎద్దులు చచ్చిపోయాయి. వాన పడ్డాక పార్వతమ్మ వచ్చి, దుక్కికి ఎద్దులు ఇమ్మని అడిగింది. పుట్టమ్మ తన ఎద్దుల పలుపులు విప్పి ఆమె చేతికిచ్చింది.

"తోలుకుపో అక్కా. ఆయప్ప మాత్రం నా వాకిలి తొక్కొద్దను."

హనుమప్ప తొక్కలేదు. బతికున్నంత కాలం ఆమె ఇంటి ముందు దారి వదిలి, చేనికి వంక వెంబడి చుట్టు తిరిగి పోయేవాడు.